సాఫ్ట్‌వేర్ సంకలనపు డిస్కులయందు ఫైళ్ల కుదింపు: ఒక విచారణము

సాఫ్ట్‌వేర్ సంకలనములను సీడీ-రామ్ డిస్కుల కెక్కించిన కాలమున సంపాదకుల కొక చిక్కుప్రశ్న యెదురైనది. రచయిత పంపిన ఆర్కైవును, అనగా కుదించి యొకటిగా కట్టిన ఫైలును, ఉన్నదున్నట్లు నిలుపవలెనా, లేక విప్పి యుంచవలెనా? డిస్కున చోటు చాలుట, చాలకపోవుటయే దీనికి నిర్ణాయకమని సాధారణముగా తలంతురు. అది కొంతవరకే నిజము.

చోటు సంగతి మొదట చూతము. అమిగా కంప్యూటరుకై ఫ్రెడ్ ఫిష్ కూర్చిన సాఫ్ట్‌వేర్ వరుసయందు 1100 ఫ్లాపీలున్నవి. ఒక్కొక్కటి 880 కిలోబైట్లు పట్టును. అన్నియు నిండినవే యనుకొన్నచో మొత్తము 9,68,000 కిలోబైట్లు. 650 మెగాబైట్ల సీడీ పట్టునది 6,65,600 కిలోబైట్లే. విప్పి యుంచినచో ఆ వరుస యొక్క డిస్కున నిముడదు. సగమునకు కుదించినచో నిముడును.

ఐనను అంతకంటె ముఖ్యమైనది పాఠశుద్ధి. 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణమున మొదటి స్థాయియందు ఫైలుపేరు 8 అక్షరములు, దాని తోక 3 అక్షరములు మించరాదు. పెద్దబడి యక్షరములు, అంకెలు, అడుగుగీత మాత్రమే చెల్లును. అమిగా ఫైలుపేరు 30 అక్షరములదాక సాగును. విప్పి యీ ప్రమాణమునకు లోబరచినచో పేర్లు తెగును. ఆ పేర్లతోనే తన తోడి ఫైళ్లను పిలుచుకొను ప్రోగ్రాము వానిని కానక నిలిచిపోవును. ఆర్కైవునకు పైపేరు తెగినను లోపలి పేర్లు, తేదీలు చెక్కుచెదరవు. పైగా జిప్, ఎల్‌హెచ్‌ఏ పద్ధతులయందు ప్రతి ఫైలునకును సరిచూచు సంఖ్య యొకటి చేరియుండును. విప్పిన ఫైలునకు అట్టి సాక్షి లేదు. తాళపత్రప్రతికిని పరిష్కృతముద్రణమునకును గల భేదము నెరిగిన మనకు ఈ వాదము క్రొత్తది కాదు.

విప్పి యుంచుటకును బలమైన కారణములు గలవు. 1993లో వచ్చిన అమిగా సీడీ32 యంత్రమున హార్డు డిస్కు లేదు. మెమరీ 2 మెగాబైట్లు. విప్పుటకు తావులేని చోట పెద్ద ఆర్కైవు మూసిన పెట్టెయే. వివరణపత్రములలో నొక మాటను వెదకువానికిని అంతే. కుదించిన ఫైలులో సామాన్యపు వెదకులాట పనిచేయదు. డిస్కుపై గీతలు పడినపుడు భేదము మరింత స్ఫుటము. సీడీయందు ప్రతి 2048 బైట్ల ఖండమునకు దోషములను దిద్దు 276 బైట్లు తోడుగా నుండును. అవియు చాలనపుడు ఖండము పోవును. విప్పిన పాఠములో నంతమేరయే లోపము. కుదించిన ఫైలులో ముందువచ్చిన దానిని ఆధారముగా గొని తరువాతిది వ్రాయబడును గాన, ఆ తావు మొదలు ఫైలులో మిగిలినది సాధారణముగా చదువశక్యము కాదు. జిప్ ఆర్కైవున నొక ఫైలు చెడినను తక్కినవి దక్కవచ్చును; ప్రతి ఫైలును వేరుగా కుదింపబడుటయే కారణము. పలు ఫైళ్లను ముందు కూర్చి పిదప ఒక్కటిగా కుదించు టార్-జీజిప్ పద్ధతిలో ఆ రక్షణ లేదు.

ఫిష్ 1993లో ఆరంభించిన ఫ్రెష్ ఫిష్ సీడీలయందు క్రొత్త సామగ్రిని రెండు రూపములను ఉంచెను. ఉదారమైన మార్గమే, కాని వ్యయమెక్కువ. కుదింపు సగమైనచో, డిస్కంతయు ఈ తీరున నింపినపుడు 433 మెగాబైట్ల సామగ్రియే పట్టును. కుదించి మాత్రమే యుంచినచో 1300 పట్టును. ఆర్కైవును ముట్టక నిలిపి, వివరణపత్రములను, డిస్కునుండి నేరుగా నడుపదగిన వానిని మాత్రము విప్పి ప్రక్కన చేర్చుట మేలని నా యభిప్రాయము. నేడు ఆ డిస్కుల ప్రతిరూపములను తెరచు పరిశోధకుడు మొదట తేల్చుకొనవలసినది, తన చేతనున్నది రచయిత కట్టిన ఆర్కైవా, సంపాదకుడు విప్పిన రూపమా యనునది. విప్పిన రూపమొక్కటే మిగిలినచోట, తెగిన పేర్లను పునర్నిర్మించుటకు దానితో వచ్చిన వివరణపత్రములను, ప్రోగ్రాములలో వ్రాసియున్న పేర్లను పోల్చి చూడవలసి యుండును.