బండి లేక పడవను గట్టు దాటించుట

రామకృష్ణా బీచిలో నిలిచిన కుర్సురా జలాంతర్గామిని మన విద్యార్థులు చూచియుందురు. 2001లో నౌకాదళ సేవ చాలించిన ఆ 91 మీటర్ల యోడ విడదీయరానిది. దానిని ఒడ్డున నెలకొల్పుటకు సుమారు 18 మాసములు పట్టెను. 2002లో అది ప్రదర్శనశాల యయ్యెను.

ఈ తీరముననే జాలరులు తమ కొత్త తెప్పను బండి లేకయే యిల్లు చేర్చెడివారు. తెప్ప యనగా త్రాళ్లతో గట్టిన తేలికమ్రాకులే గదా! కట్లు విప్పి, దుంగలను విడివిడిగా భుజములపై మోసికొని పోయెడివారు. ఇసుకలో చక్రము దిగబడును, పాదము నడచును. నీరు పీల్చిన కొయ్య నెండబెట్టుటకును ఆ విప్పుటయే యుపాయము.

ఇప్పటి ఫైబరు తెప్ప కొయ్యవలె నీరు పీల్చదు, కాని దానికి విప్పదగిన కట్లు లేవు. మోకులతో వాసములకు గట్టి పలువురు మోయవలెను. మగదిక్కు తక్కువైన యింటికి తెప్ప వెలకన్న ఆ భుజములు దొరకుటయే కష్టము. తుపాను హెచ్చరిక వచ్చిన దినమున ప్రతివాని భుజము తన తెప్పకే కావలసియుండును.