వందో వంతు దూరంలో
పతకమే లక్ష్యం అనుకుంటే సరిపోదు. హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ ప్రస్థానం చెప్పేది అదే

12.77 సెకన్లు. 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌కు నేరుగా అర్హత పొందాలంటే అందుకోవలసిన సమయం. ఆ ఏడాది మేలో ఫిన్లాండ్‌లో విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజీ పరుగు ముగిసేసరికి గడియారం చూపింది 12.78. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో కాంస్యం గెలిచినప్పుడూ సరిగ్గా అదే అంకె. చివరికి ఆమె ప్రపంచ ర్యాంకింగ్ దారిలో పారిస్ చేరారు.

అంకెలు ఆమెతో ఆడుకోవడం కొత్త కాదు. 2020లో 13.03 సెకన్లలో పరిగెత్తితే ముందుగా డోప్ పరీక్ష జరగలేదని రికార్డుగా గుర్తించలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 నమోదు చేస్తే, గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లుంది. అనుమతించేది 2 మీటర్లే. అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న 13.38 రికార్డు ఎట్టకేలకు 2022 మేలో సైప్రస్‌లో బద్దలైంది. అదే నెలలో మరో రెండు సార్లు దాన్ని మెరుగుపరిచి, అక్టోబర్లో 12.82కు చేర్చారు.

గాలి, డోప్ పరీక్ష, ప్రత్యర్థి ఫామ్... ఇవేవీ అథ్లెట్ చేతిలో ఉండవు. మరి లక్ష్యం దేనిమీద పెట్టుకోవాలి? 'నీకు చేతనైనంత చెయ్' అనడం కంటే కచ్చితమైన, కష్టమైన లక్ష్యమే మంచి ఫలితమిస్తుందని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వవేత్తలు దశాబ్దాల పరిశోధనతో తేల్చారు. అయితే ఎంత దూరం వచ్చామో ఎప్పటికప్పుడు తెలియాలన్నది షరతు. క్రీడా మనస్తత్వ నిపుణులు దీన్ని మూడుగా విడదీశారు: పతకం లాంటి ఫలితం, 12.77 లాంటి ప్రదర్శన, ప్రతి అడుగులో చేయవలసిన పని. మొదటిది ఇతరులపై ఆధారపడుతుంది. మూడోది పూర్తిగా అథ్లెట్‌దే.

హర్డిల్స్‌లో ఆ మూడోది కళ్లకు కడుతుంది. 83.8 సెంటీమీటర్ల ఎత్తున 10 అడ్డంకులు. మొదటిది 13 మీటర్ల దూరంలో, ఆ తర్వాత 8.5 మీటర్లకొకటి. మధ్యలో మూడంటే మూడే అంగలు. పొడగరులకు ఆ జాగా ఇరుకు. అంగ సాగితే అడ్డంకికి మరీ దగ్గరగా వచ్చి పడతారు. కాబట్టి భువనేశ్వర్‌లో బ్రిటన్ కోచ్ జేమ్స్ హిల్లియర్ వద్ద శిక్షణ పొందినా, మరెక్కడున్నా, సెకనులో వందో వంతు తగ్గించడమంటే ఇంకా గట్టిగా పరిగెత్తడం కాదు. హర్డిల్ దాటిన కాలు ఎంత త్వరగా నేలను తాకింది, మూడు అంగలు ఎంత చురుగ్గా పడ్డాయి అన్నదే. వీడియోలో చూసి, కొలిచి, మర్నాడు సరిచేసుకోగలిగే పని అది.

మన క్రీడా అధికారులకు మాత్రం ఇష్టమైనది మొదటి రకమే. టోక్యోలో 7 పతకాలు రాగానే పారిస్‌లో రెండంకెలు అన్నారు, వచ్చినవి 6. ప్రభుత్వ లెక్కలకు ఆ అంకె అవసరమే కావచ్చు. ట్రాక్ మీద నిలబడ్డ అమ్మాయికి అది ఏం చేయాలో చెప్పదు.

పారిస్‌లో జ్యోతి హీట్‌లో 13.16, రెండో అవకాశమైన రెపెచేజ్‌లో 13.17 సెకన్లు తీసుకుని వెనుదిరిగారు. ఏడాది తిరక్కుండానే 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో, వర్షం తర్వాత, ఖాళీ గ్యాలరీల ముందు 12.96తో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం నిలబెట్టుకున్నారు. సొంత రికార్డు కంటే నెమ్మదైన పరుగే; పోటీ రికార్డు మాత్రం అదే.

ఆ తర్వాత కొద్ది కాలానికే మోకాలి లిగమెంట్ గాయం. ఇలాంటి గాయానికి శస్త్రచికిత్స జరిగితే తిరిగి పోటీకి రావడానికి సాధారణంగా తొమ్మిది నెలలో, అంతకు మించో పడుతుంది. అక్కడ వారం వారం పెట్టుకునే లక్ష్యాల్లో సెకన్లుండవు. ముందు మోకాలు పూర్తిగా చాపగలగాలి, ఆపై తొడ కండరం రెండో కాలితో సమానంగా బలపడాలి, తర్వాత నిదానంగా పరుగు. హర్డిల్ వంతు అన్నిటికంటే చివర.