కన్నవారిని కలుసుకునే ముందు

"మీ ఇంట్లో ఎవరికైనా చక్కెర వ్యాధి వుందా?" అని అడిగాను.

"ఏ ఇంట్లోనండీ?" అన్నాడాయన.

పాతికేళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో రోజూ వేస్తున్న ప్రశ్నే అది. అలాంటి జవాబు మాత్రం అదే మొదటిసారి విన్నాను.

ఆయనకు ముప్పయి నాలుగేళ్లు. ఒక లారీ ఆఫీసులో గుమాస్తా. రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదనీ, గుండె దడదడలాడుతోందనీ, అన్నం సయించడం లేదనీ వచ్చాడు. నిద్రమాత్రలు రాసిమ్మన్నాడు. రక్తపోటు, ఇ.సి.జి., థైరాయిడ్ పరీక్ష అన్నీ సరిగానే వున్నాయి. పరగడుపున రక్తంలో చక్కెర మాత్రం 118 వుంది. అది చక్కెర వ్యాధి కాదు గాని, దాని పొలిమేరల్లో వున్నట్టు లెక్క.

అప్పుడు సంగతి చెప్పాడు. నెలల పిల్లవాడుగా వుండగా పిల్లలు లేని దంపతులు ఆయన్ని దత్తత తీసుకున్నారు. పెంచిన తండ్రి పోయాక ఇంటి కాగితాలు వెతుకుతుంటే దత్తత దస్తావేజు బయటపడింది. అందులోని వూరికి ఉత్తరం రాస్తే సొంత అన్న జవాబిచ్చాడు. "వచ్చే నెల నాన్నగారి షష్టిపూర్తి. బంధువులంతా వస్తున్నారు. నువ్వూ రావాలి" అని. పెంచిన తల్లికి ఈ మాట చెప్పే ధైర్యం లేక, ఆ ఉత్తరాన్ని పరుపు కింద దాచుకున్నాడు.

ఆయన గుండెలో జబ్బు లేదు. అలాగని ఆ దడ ఉత్తది కాదు. మనసు బెదిరినప్పుడు శరీరం అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఆకలి మందగిస్తుంది, నిద్ర దూరమవుతుంది. సంతోషంగా బయలుదేరే ప్రయాణానికి ముందు కూడా ఇలా జరగవచ్చు. మీరు గాని, మీవారు గాని ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఈ కింది విషయాలు గుర్తుంచుకోండి.

పెంచిన తల్లికి ముందు చెప్పండి

దాచిన మాటే నిద్ర చెడగొడుతుంది. ఆమెకు మరొకరి నోటి వెంట తెలిస్తే ఆ గాయం త్వరగా మానదు. "నిన్ను వదిలి పోవడానికి కాదమ్మా, వాళ్లెవరో తెలుసుకోవడానికి" అని మీరే చెప్పండి. కన్నవారి గురించి తెలుసుకోవాలనుకోవడం పెంచినవారికి ద్రోహం కాదు.

ఒకేసారి జనంలోకి వెళ్లకండి

అరవై మంది కొత్త ముఖాలు, అరవై వరసలు, కొందరి కన్నీళ్లు, కొందరి ఆరాలు ఒక్క పూటలో తట్టుకోవడం ఎవరికైనా కష్టమే. ముందు ఒక్కరిని, రెండు గంటలకు మించకుండా, ఇద్దరికీ వీలైన చోట కలుసుకోండి. ఫోటోలు తెప్పించుకుని ఎవరు ఏ వరసో రాసుకోండి. వేడుకకు వెళ్లినా తిరుగు ప్రయాణం వేళ ముందే అనుకోండి. "నన్నెందుకిచ్చేశారు?" అనే ప్రశ్న పది మందిలో అడగవద్దు. దానికి వేరే రోజు వుంటుంది.

నిద్రమాత్రలు మీ అంతట మీరు కొనవద్దు

ఆల్ప్రజోలం వంటివి త్వరగా అలవాటుగా మారతాయి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానండి. సాయంత్రం అరగంట నడవండి. వేళకు పడుకోండి.

ఆరోగ్య చరిత్ర అడిగి రాసుకోండి

కన్నతల్లి, తండ్రి, తోబుట్టువులు - వీరికి చక్కెర వ్యాధి, రక్తపోటు, గుండెపోటు, పక్షవాతం, కాన్సరు, మూర్ఛ, మానసిక వ్యాధులు వున్నాయా? ఏ వయసులో వచ్చాయి? పోయినవారు దేనితో పోయారు? తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి వుంటే మీరు ముందుగానే పరీక్షలు చేయించుకోవాలి. అయితే విస్తరి ముందు కూర్చుని ఇవన్నీ అడగడం బాగుండదు. దగ్గరైన ఒక్కరిని విడిగా అడిగితే చాలు.

మన ప్రాంతంలో ఇంకొక జాగ్రత్త అవసరం. దత్తతతో ఇంటిపేరు, గోత్రం మారవచ్చు గాని రక్తం మారదు. దత్తత సంగతి దాచిపెడితే, అన్నదమ్ముల బిడ్డలకే తెలియక సంబంధం కలిపే ప్రమాదం వుంది. దత్తు వెళ్లినవారు, కన్నవారింట్లోనే వుండి వుంటే ఎవరిని పెళ్లాడకూడదో వారిని దత్తత తర్వాత కూడా పెళ్లాడకూడదని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం చెబుతోంది. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులు పుట్టుకతో లోపాలతో పుడుతుంటే, మేనమామ, మేనత్త పిల్లలను చేసుకున్నచోట ఆ ప్రమాదం సుమారు రెట్టింపు.

శిశుగృహాల ద్వారా దత్తత వెళ్లినవారికి మార్గం వేరు. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండినవారు తమ మూలాల కోసం స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారి తరఫున మూడో మనిషి అడగడానికి వీల్లేదు. కన్నవారి గోప్యతకు భంగం కలగకూడదు. వారు కలవడానికి ఇష్టపడకపోతే అది మీ తప్పు కాదు.

మా గుమాస్తాగారు నిద్రమాత్రలు లేకుండానే వెళ్లాడు. ఆ రాత్రే తల్లికి చెప్పాడట. ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు "వాళ్లకేం పట్టుకెళదాం?" అని అడిగిందట. తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒక బస్టాండు కాంటీనులో కలుసుకున్నారు. తండ్రికి నలభై రెండో ఏటి నుంచే చక్కెర వ్యాధి వుందని అక్కడే తెలిసింది. ఇప్పుడాయన తిండి తగ్గించి, రోజూ నడుస్తున్నాడు. మూడు నెలలకొకసారి పరీక్షకు వస్తున్నాడు.

షష్టిపూర్తికి తల్లీ కొడుకులిద్దరూ వెళ్లారు. కన్నతల్లి ఏమీ మాట్లాడలేక చేయి పట్టుకుని కూర్చుందట. అనుకున్న వేళకే తిరిగి వచ్చేశారు.

ఇలాంటి కలయిక తర్వాత కొన్నాళ్లు మనసు బరువుగా వుండటం సహజమే. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా మానసిక వైద్యుణ్ణి చూడండి. టెలి మానస్ నెంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

ఈసారి ఏ డాక్టరైనా "మీ ఇంట్లో ఎవరికైనా?" అని అడిగితే, మీరు దత్తు వెళ్లినవారైతే ఆ మాట సంకోచించకుండా చెప్పండి. వైద్యానికి అది చాలా అవసరం.