కీచుమన్న చోటల్లా నిధి ఉండదు

రాజమహేంద్రవరం రేవుల్లో అయస్కాంతానికి తాడు కట్టి గోదాట్లోకి విసిరే కుర్రాళ్లను మీరు చూసే ఉంటారు. రైలు వంతెన మీదుగా వెళ్లేవాళ్లు గోదారమ్మకు దణ్ణం పెట్టి వేసిన రూపాయి బిళ్లలు దానికి అంటుకుని పైకొస్తాయి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయికే ఆ గుణం. విక్టోరియా బొమ్మ వెండి రూపాయి, రాగి అర్ధణా, చిల్లు కాణీ ఏవీ అయస్కాంతాన్ని లెక్కచెయ్యవు. వాటి జాడ చెప్పడానికి మెటల్ డిటెక్టర్ కావాలి. తమాషా ఏమిటంటే, ఆ యంత్రం పుట్టిన తొలి రోజుల్లో చేసిన పని కూడా నాణేల పరీక్షే.

1879లో లండన్‌లో డేవిడ్ హ్యూస్ అనే ఆయన తీగచుట్టలతో త్రాసులాంటి పరికరం ఒకటి తయారు చేశాడు. రెండు వైపులా ఒకే లోహం, ఒకే బరువు ఉంటే చెవి దగ్గర పెట్టుకున్న టెలిఫోన్ నిశ్శబ్దంగా ఉండేది. ఒక పక్క దొంగ నాణెం పెడితే మోగేది. రెండేళ్ల తర్వాత, 1881 జూలై 2న, అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో గుండు ఎక్కడుందో డాక్టర్లకు అంతుపట్టలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ హ్యూస్ పరికరాన్నే మార్చి, మనిషి ఒంటి మీద తిప్పేలా చేసి పట్టుకొచ్చాడు. యంత్రం మోగింది, కానీ ఎక్కడ పెట్టినా మోగింది. పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి మరి! పైగా పెద్ద డాక్టరు కుడివైపే వెతకనిచ్చాడు; గుండు ఎడమవైపుంది. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. యంత్రం చెప్పింది నిజమే, లోహం ఉంది. ఏ లోహం, ఎవరి లోహం అన్నది మాత్రం అది చెప్పలేదు. ఈ బలహీనత ఇన్నేళ్లయినా దాన్ని పూర్తిగా వదల్లేదు.

తర్వాత గెర్హార్డ్ ఫిషర్ అనే జర్మన్ ఇంజినీరు అమెరికా చేరి, విమానాలకు దిక్కు చూపే రేడియో మీద పని చేస్తూ, దగ్గర్లో లోహం ఉంటే అది దారి తప్పుతోందని గమనించాడు. ఆ తప్పునే పనిముట్టుగా మార్చి 1937లో పేటెంటు తీసుకున్నాడు. కానీ ఈ యంత్రాన్ని ప్రపంచం మీదికి తోసింది రెండో ప్రపంచ యుద్ధమే. 1941లో స్కాట్లండ్‌లో ఉన్న పోలండ్ సైనికాధికారి జోసెఫ్ కొసాట్స్కి, ఒక్క సైనికుడు మోసుకెళ్లగలిగే మందుపాతర శోధిని చేశాడు. బరువు పద్నాలుగు కిలోల లోపే. పేటెంటు సొమ్ము అడక్కుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. ప్రతిఫలంగా రాజుగారి నుంచి ఒక కృతజ్ఞతా లేఖ వచ్చింది. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమేన్ ఎడారిలో అలాంటివి అయిదు వందలు వాడారు. మన భారత సైన్యం నాలుగో డివిజన్ కూడా ఆ యుద్ధంలో ఉంది.

అదే యుద్ధం మన వైపు ఏం చేసిందో చూడండి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలు పట్టాలను 1940లో యుద్ధ అవసరాల పేరుతో పీక్కుపోయారు. గౌతమి ఒడ్డు దాకా వచ్చిన రైలు, ఏరు దాటకుండానే పోయింది. మళ్లీ ఆ దారిన బండి కూత వినబడ్డది 2004లో. రాగి ఆదా చెయ్యాలని 1943 నుంచి 1947 దాకా పైసా బిళ్లకు నడిమిన చిల్లు పెట్టారు. మన చిల్లు కాణీ అదే. లోహాన్ని మన దగ్గర నుంచి పట్టుకుపోయిన కాలమే, మట్టిలో లోహాన్ని వెతికే యంత్రాన్ని తయారు చేసిందన్నమాట.

యుద్ధం అయ్యాక మిగిలిపోయిన శోధినులు చవగ్గా అమ్ముడుపోయాయి. అక్కణ్నుంచి మొదలైంది నాణేల వేట.

పనితీరు కష్టమేమీ కాదు. పళ్లెంలాంటి భాగంలో రెండు తీగచుట్టలుంటాయి. మొదటి దాంట్లో సెకనుకు వేల సార్లు దిశ మార్చే కరెంటు పారుతుంది. దాని అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగి, లోహం తగిలితే అందులో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. అవి తిరిగి చిన్న క్షేత్రాన్ని పంపుతాయి. రెండో చుట్ట దాన్ని వింటుంది. వెండి, రాగి లాంటి మంచి వాహకాల్లో సుడి ఎక్కువసేపు నిలుస్తుంది, పల్చటి రేకులో త్వరగా ఆరిపోతుంది. ఈ ఆలస్యాన్ని కొలిచే మంచి వాహకమా, చెడ్డ వాహకమా అన్నది యంత్రం ఊహిస్తుంది.

చిల్లు కాణీకి చిల్లుంది కాబట్టి మోత తగ్గుతుందేమో అనుకుంటాం. పెద్దగా తగ్గదు. సుడి ఎక్కువగా తిరిగేది అంచు చుట్టూనే కదా. అదే ఉంగరం ఒకచోట విరిగిందనుకోండి, ప్రవాహానికి దారి తెగి, యంత్రం దాన్ని దాదాపు పట్టించుకోదు. లోతు మాత్రం నిర్దయగా ఉంటుంది. నాణెం రెట్టింపు దూరం జరిగితే తిరిగొచ్చే సంకేతం అరవై నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక మన మలికిపురంలో ఈ యంత్రం ఎలా పలుకుతుందో చూద్దాం. కోనసీమలో, గోదావరి డెల్టా చివర, సముద్రం పక్కన ఉన్న మండలం ఇది. శంకరగుప్తం డ్రెయిన్ గుండా పైకొచ్చిన ఉప్పునీటికి కేశనపల్లి కొబ్బరిచెట్లు మోడులయ్యాయని అందరూ విన్నారు. ఉప్పునీరు కరెంటును బాగా మోస్తుంది కాబట్టి, ఆ నేల తానే ఒక లోహంలా పలుకుతుంది. యంత్రాన్ని ఉప్పును లెక్కచెయ్యకుండా సర్దుకుంటే, అంతర్వేది తీర్థంలో సముద్రస్నానానికి వచ్చి పోగొట్టుకున్న ముక్కుపుడక కూడా లెక్కలోంచి పోతుంది, రెండూ ఇచ్చే సంకేతం దాదాపు ఒకటే కనక. తీరంలో ఇల్మనైట్, మాగ్నటైట్ కలిసిన నల్ల ఇసుక మరో తలనొప్పి. ఆపైన ఏటా వరద పరిచే ఒండ్రు. ఎడారిలో గెలిచిన యంత్రం గోదావరి ఒండ్రులో అంత ధీమాగా పని చెయ్యదు.

అయినా ఇక్కడ దొరికేవి ఏమిటి? ఇది రైలెరుగని నేల. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, కాలవలే రహదారులయ్యాయి. 1850ల్లో గన్నవరం అక్విడెక్టు కట్టి వైనతేయ మీదుగా నీళ్లు ఇటు తెచ్చారు. ధాన్యం, కొబ్బరికాయలు పడవల్లో లాకులు దాటి వెళ్లేవి. చించినాడ వంతెన లేని రోజుల్లో దిండి రేవే దిక్కు. సఖినేటిపల్లి రేవులో పంటు ఇంకా నడుస్తూనే ఉంది. చిల్లర చేతులు మారేది, జారేది అలాంటి రేవుల్లోనే. నాణెం కన్నా ఎక్కువగా ఉండేది ఇనుము: పడవ మేకులు, లంగరు కొక్కేలు, లాకు తలుపుల బోల్టులు, ఎద్దు నాడాలు, బండి చక్రానికి బిగించిన పట్టా, ఇరుసు చివర సీల.

నాణేల వేటగాళ్లు చేసే మొదటి పని యంత్రంలో ‘ఇనుము వద్దు’ అన్న మీట నొక్కడం. మేకులకు మోగి విసిగిస్తుందని. మన దగ్గర ఆ మీట నొక్కితే కోనసీమ రవాణా చరిత్రంతా వినపడకుండా పోతుంది. వెండి రూపాయి ఎక్కడైనా దొరుకుతుంది. విక్టోరియా బొమ్మతో మొదలై 1939 దాకా వచ్చిన ప్రతి బిళ్లా 11.66 గ్రాములే, నూటికి దాదాపు తొంభై రెండు పాళ్లు వెండే. మలికిపురంలో దొరికినా మద్రాసులో దొరికినా తేడా లేదు. లాకు బోల్టు అలా కాదు, దొరికిన చోటుతోనే దాని విలువ.

లంకెబిందెల కోసం ఈ యంత్రం పట్టుకు తిరిగేవాళ్లను, బియ్యపు గింజల్ని లాగే రాగిపాత్ర ఉందంటూ ‘రైస్ పుల్లింగ్’ పేరుతో లక్షలు గుంజేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. రాగి బియ్యాన్నే కాదు, ఇనుప మేకును కూడా లాగదు. చట్టం సంగతీ తెలుసుకోండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాచిన సొత్తు పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. మామిడికుదురు మండలం ఆదుర్రు బౌద్ధ స్తూపంలాంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, విదేశాలకు పంపడం కుదరదు.

చెరువు పూడిక తీస్తుంటేనో, కాలవ గట్టు తవ్వుతుంటేనో పాత ఇనుప ముక్క బయటపడితే కిలోల లెక్కన పాత సామాన్లవాడికి వెయ్యకండి. ఉన్న చోటే ఫోటో తీసి, ఎంత లోతులో, ఏ గట్టున దొరికిందో ఒక కాగితం మీద రాసి, ముక్కతో పాటు మలికిపురం డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారికి చూపించండి. యంత్రం లేకపోయినా ఈ పని ఎవరైనా చెయ్యవచ్చు.