పిచికారీ యంత్రం పక్కకు తిరిగేదెందుకు?

కోసిగి: పత్తి, మిరప చేలల్లో మందు చల్లేందుకు డ్రోన్లు దిగుతున్నాయి. ఆకాశం నుంచి పిచికారీ చేయడం మాత్రం మన దేశానికి కొత్త కాదు. ఇందుకోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన 'బసంత్' విమానం 1972 మార్చి 30న తొలిసారి ఎగిరింది. 39 విమానాలు తయారయ్యాక 1980లో ఉత్పత్తి నిలిచిపోయింది.

ఈ తరహా విమానాలు నేలపై పరుగెత్తుతుండగానే అదుపు తప్పి పక్కకు తిరిగిపోవడం ప్రపంచమంతటా తెలిసిన ప్రమాదమే. వీటికి ముందు రెండు పెద్ద చక్రాలు, తోకకింద ఒక చిన్న చక్రం ఉంటాయి. బరువు పెద్ద చక్రాల వెనుక పడుతుంది. వాలులో బ్రేకు వేస్తే నిండు ట్రాలీ ట్రాక్టరును పక్కకు నెట్టడం రైతులు చూసే ఉంటారు. ఇక్కడా జరిగేది అదే. పైలట్ వైపు నుంచి చూస్తే కుడివైపు తిరిగే పంకా విమానం ముక్కును ఎడమకు లాగుతుంది. దానిని సరిచేయవలసిన తోక చుక్కానికి వేగం పుంజుకునే దాకా బలం చాలదు. అదే సమయంలో ఎడమ నుంచి ఈదురుగాలి వీచిందా, రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి. మందుతో నిండిన తొట్టి పరుగును మరింత పొడిగిస్తుంది. అందుకే ఆపదలో ఒక్క మీట లాగి సరుకంతా వదిలేసే ఏర్పాటు వీటిలో ఉంటుంది.

డ్రోన్‌కు చక్రాలు లేవు, చుక్కాని లేదు. రెక్కల వేగంలో తేడాతోనే అది దిశ మారుస్తుంది. చాలా డ్రోన్లు దిక్కును దిక్సూచితో తెలుసుకుంటాయి. ట్రాక్టరు, ఇనుప కంచె, ఉక్కు కమ్మీలున్న కాంక్రీటు గచ్చు సమీపంలో ఉంటే దిక్సూచి పొరబడుతుంది. అప్పుడు పైకి లేచిన యంత్రం గుండ్రంగా తిరుగుతూ పక్కకు కొట్టుకుపోవచ్చు. గట్టు ఏటవాలుపై నుంచి లేపితే ఒరిగిపోయే ప్రమాదమూ ఉంది. పక్కనే మందు కలుపుతున్న కూలీలే దీనికి మొదట బలయ్యేది. తిరిగే రెక్కల గాయం ఒకటైతే, ఒంటిపై చిందే విషం మరొకటి.

కనుక చదునైన, ఇనుము లేని ఖాళీ స్థలం నుంచే డ్రోన్‌ను లేపాలి. విద్యుత్ తీగలకు దూరంగా ఉండాలి. కొద్ది ఎత్తులో నిలిపి, నిలకడ చూసుకున్నాకే చేలోకి పంపాలి. ఆషాఢపు పడమటి గాలి సంగతి ఈ ప్రాంత రైతులకు వేరే చెప్పనక్కరలేదు. గాలి హెచ్చిన పూట పిచికారీ మానుకోవడమే మేలు.

2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం పిచికారీకి వాడే పెద్ద డ్రోన్లను నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. బాడుగ మాట్లాడుకునేటప్పుడే రైతులు దానిని అడిగి చూడవచ్చు.