ఆరు రాత్రులు వెలిగే టార్చి

తుపాన్ల కాలం రాకముందే ఇంట్లో ఉంచుకోవాల్సిన టార్చిలైటు ఏది? ఈ వారానికి సంపాదకులు అప్పగించిన ప్రశ్న ఇది. విజయవాడ గవర్నర్‌పేటలో బీసెంట్ రోడ్డు పొడవునా తిరిగినా, ఫోనులో వెతికినా ముందు కనబడే జవాబు ఒకటే: ల్యూమెన్లు, అంటే టార్చి ఇచ్చే వెలుగు కొలత. వెయ్యి, మూడు వేలు, పది వేలు అంటూ పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో అచ్చువేసేది ఆ సంఖ్యనే. కృష్ణా డెల్టాలో బతికేవాళ్లకు దానితో పెద్దగా పనిలేదన్నది ఈ కథనం వాదన. ఇక్కడ చూడాల్సింది గంటలు. అతి తక్కువ వెలుగులో పెడితే ఎన్ని గంటలు వెలుగుతుందన్న సంఖ్య చాలా పెట్టెల మీద అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద అసలు ఉండదు.

ఎన్ని గంటలు కావాలో బెజవాడకు 2024 సెప్టెంబరు చెప్పింది. ఆగస్టు 31న మొదలైన కుండపోతకు బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అజిత్ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. మునిగిన చోట కరెంటు తీసేయక తప్పదు, లేకపోతే నీళ్లే ప్రాణం తీస్తాయి. పడవలు సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర నుంచి బయల్దేరాయి, ఆహారపు పొట్లాలు డ్రోన్ల మీద వెళ్లాయి. బుడమేరు గండ్లు పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. అంటే సెప్టెంబరు 1 నుంచి లెక్కేసినా ఆరు రాత్రులు. ఆ రోజుల్లో మనకు రాత్రి సుమారు పదకొండున్నర గంటలు. ఆరు రాత్రులకు దాదాపు 70 గంటల చీకటి. మేడ మీద చిక్కుకున్న కుటుంబానికి టార్చి కొలత ఇదే. ఈ 70 గంటల్ని పక్కన పెట్టి చేసే ఏ పోలికా నాకు పనికొచ్చేదిగా తోచదు.

ఇప్పుడు చిన్న లెక్క. మంచి 18650 రకం లిథియం సెల్లులో దాదాపు 10 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఈనాటి ఎల్ఈడీ టార్చి ఒక వాట్‌కు వంద ల్యూమెన్ల వరకు ఇస్తుందనుకుందాం. వెయ్యి ల్యూమెన్ల వెలుగు పెడితే ఆ సెల్లు గంటలో ఖాళీ అవుతుంది. అంతకుముందే టార్చి చేతికి కాలేంత వేడెక్కుతుంది. అదే సెల్లుతో పది ల్యూమెన్ల వెలుగు పెడితే వంద గంటలు వస్తుంది. పది ల్యూమెన్లంటే సుమారుగా ఒక కొవ్వొత్తి వెలుగు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక, టార్చిని సీలింగ్ వైపు నిలబెడితే మెట్లు కనిపిస్తాయి, మందు సీసా మీది పేరు కనిపిస్తుంది, పసిపిల్ల ముఖం కనిపిస్తుంది. నీళ్లలో గ్యాస్ సిలిండర్లు తేలుతున్న ఇంట్లో నిప్పు వెలిగించే అవసరం తప్పుతుంది.

మరి పెట్టె మీద గంటలు రాసే ఉంటాయిగా అని అడగొచ్చు. ఈ కథనానికి తిరగేసిన కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది అక్కడే. పేరున్న టార్చి పెట్టె మీద చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి: వెలుగు, ఎన్ని గంటలు, ఎంత దూరం, కిరణం తీవ్రత, పడితే తట్టుకునే ఎత్తు, నీటి రక్షణ. అమెరికా టార్చి తయారీదారులు కలిసి 2009లో తెచ్చిన ఎఫ్ఎల్-1 ప్రమాణం నుంచి వచ్చిన బొమ్మలివి. పాటించాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. పాటించేవాళ్లు మాత్రం అది చెప్పిన పద్ధతిలోనే కొలవాలి. ఆ పద్ధతిలో ‘ఎన్ని గంటలు’ అన్నదాని నిర్వచనం జాగ్రత్తగా చదవాలి. టార్చి వెలిగించిన 30 సెకన్ల తర్వాత గడియారం మొదలవుతుంది. వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయినప్పుడు ఆగుతుంది. మధ్యలో ఏం జరిగిందో ఆ ఒక్క సంఖ్య చెప్పదు. వెయ్యి ల్యూమెన్ల టార్చి మూడు నిమిషాల్లో వేడికి తట్టుకోలేక మూడు వందలకు దిగి, మిగతా సమయమంతా అక్కడే ఉండి, చివర్లో వందకు పడిపోయిందనుకోండి. పెట్టె మీద ‘1000 ల్యూమెన్లు, 3 గంటలు’ అని రాయడానికి ఆ ప్రమాణం ఒప్పుకుంటుంది. అందులో అబద్ధం లేదు. కానీ కొనేవాడు ఆ రెండు సంఖ్యల్ని కలిపి చదువుతాడు, మూడు గంటలూ వెయ్యి ల్యూమెన్లు వస్తాయనుకుంటాడు. అందుకే మొదటి వరసను వదిలేసి, ‘లో’ అనో ‘మూన్‌లైట్’ అనో రాసిన చివరి వరస చూడాలి. చిన్న వెలుగులో వేడి సమస్య లేదు కాబట్టి అక్కడి గంటలు నిజానికి దగ్గరగా ఉంటాయి. ఆ వరసే లేని టార్చిని వరద కోసం కొనకూడదు.

దూరం సంగతీ ఇంతే. పెట్టె మీద ‘200 మీటర్లు’ అని ఉంటే, 200 మీటర్ల దగ్గర పడే వెలుగు పావు లక్స్ అని అర్థం, అంటే నిండు పున్నమి వెన్నెలంత. అక్కడ మనిషి ఉన్నట్టు తెలుస్తుందేమో, ఎవరో తెలియదు. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. కాబట్టి రాసిన దూరంలో నాలుగో వంతు వరకే ఆ టార్చిని నమ్మితే మంచిది.

చరిత్ర రెండు ముక్కల్లో ముగించవచ్చు. అమెరికాలో ఉన్న ఆంగ్లేయుడు డేవిడ్ మిసెల్ గొట్టం ఆకారపు టార్చికి 1899 జనవరిలో పేటెంటు పొందాడు. ఆ హక్కు చేరిన కంపెనీ నుంచే ఎవరెడీ పేరు పుట్టింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేల ప్రాణాలు తీసిన కాలానికి మన ఊళ్లలో ఉన్నవి ఫిలమెంటు బల్బు టార్చిలే. 1990లలో జపాన్‌లో నీలి ఎల్ఈడీ, దాని వెంట తెల్ల ఎల్ఈడీ వచ్చాయి. నీలి ఎల్ఈడీకి 2014లో నోబెల్ దక్కింది. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. పాత బల్బు సెల్లు అయిపోతుంటే పసుపెక్కి ముందే హెచ్చరించేది. సర్క్యూట్ ఉన్న ఎల్ఈడీ టార్చి చివరిదాకా ఒకేలా వెలిగి ఒక్కసారిగా ఆరిపోవచ్చు.

ఇక సెల్లు. మన ఇళ్లలో ఎక్కువగా కనబడేది గోడ ప్లగ్గుకు పెట్టి చార్జి చేసే ప్లాస్టిక్ టార్చి. చవక రకాల్లో చాలావాటి లోపల ఉండేది చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాన్ని చార్జి చేయకుండా నెలల తరబడి వదిలేస్తే దానంతటదే ఖాళీ అయి, లోపలి పలకల మీద సల్ఫేటు గడ్డకట్టి, మళ్లీ చార్జి తీసుకోదు. ఒకప్పుడు రోజూ కరెంటు పోయేది కాబట్టి అది రోజూ వాడకంలో ఉండేది. ఇప్పుడు కోతలు తగ్గాయి, టార్చి అల్మారాలో పడుకుని ఎవరికీ తెలియకుండా చచ్చిపోతోంది. కరెంటు బాగున్న ఊళ్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. నా మొగ్గు, దాచుకోనక్కర్లేదు, పెన్సిల్ సెల్లుతో నడిచే టార్చి వైపు. ప్లగ్గు అక్కర్లేదు, ఏ కిరాణా కొట్టులోనైనా సెల్లు దొరుకుతుంది, గడియారంలోదీ రిమోట్‌లోదీ తీసి వేసుకోవచ్చు. అయితే ఎర్రటి కార్బన్ జింకు సెల్లు చవకే గానీ నిలవ ఉంటే కారి లోపలి స్ప్రింగును తినేస్తుంది. ఆల్కలైన్ సెల్లు ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది, కారడం దానికీ ఉంది. అందుకే సెల్లుల్ని టార్చిలో ఉంచకుండా, పక్కనే కవరులో కట్టి పెట్టాలి.

ఫోనులో టార్చి ఉండగా ఇదంతా ఎందుకని చాలామంది అంటారు. ఫోను వెలుగు బాగానే ఉంటుంది. కానీ వరదలో ఫోను చేయాల్సిన పని వెలిగించడం కాదు, పడవను పిలవడం. చార్జింగు దొరకని రోజుల్లో వెలుగుకు ఖర్చు పెట్టిన ప్రతి శాతం ఒక ఫోన్ కాల్‌కు తగ్గుతుంది. రెండో అభ్యంతరం బలమైనది: పోలీసులు, సహాయ బృందాలు వాడే ‘టాక్టికల్’ టార్చిలకు పెద్ద వెలుగు అవసరం లేదా? ఉంది. రాత్రి పడవ ముందు కూర్చున్న మనిషికి వేలాడే కరెంటు తీగ, నీళ్లలో మునిగిన గోడ దూరం నుంచే కనబడాలి. మేడ మీది కుటుంబానికి కూడా పడవను పిలవడానికి కొన్ని క్షణాలు గట్టి వెలుగు కావాలి. కాబట్టి రెండు వెలుగులూ ఉన్న టార్చి అయితే మంచిదే. కానీ ‘టాక్టికల్’ రకం నుంచి మనం తీసుకోవాల్సిన అసలు గుణం స్విచ్. వెనక చివర బొటనవేలితో నొక్కితే వెలగాలి, వదిలితే ఆరాలి. తడి చేతికీ చీకట్లో తడుముకునే చేతికీ అది అందుతుంది. ఒకే బటన్‌ను పదేపదే నొక్కుతూ, మిణుకు మిణుకుమనే వెలుగు దాటాకే చిన్న వెలుగు వచ్చే టార్చి భయంలో ఉన్న మనిషికి ఇంకో భయం తెచ్చిపెడుతుంది.

పొలం గట్టు మీద నడిచే రైతుకు కావాల్సింది వేరు. దివిసీమలో 2018 వానల కాలంలో పాముకాట్లు ఎక్కువై మోపిదేవి ఆలయంలో శాంతి పూజలు చేసేదాకా పరిస్థితి వెళ్లింది. గట్టు మీద నడిచేటప్పుడు కాళ్ల ముందు రెండు మూడు గజాల వెడల్పున సమంగా పరుచుకునే వెలుగు కావాలి. దూరానికి పోయే సన్నటి కిరణం మధ్యలో కళ్లు జిగేల్మనిపించి, పక్కనంతా చీకటి చేస్తుంది. తలకు కట్టుకునేదైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

బాక్సు: కొట్టులోనే చూసుకోవాల్సినవి

నీటి రక్షణకు ‘ఐపీఎక్స్4’ అంటే చినుకులు, చిమ్మే నీళ్లు మాత్రమే. ‘ఐపీఎక్స్7’ అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. వరదకు రెండోదే కావాలి. చార్జింగు రంధ్రానికి రబ్బరు మూత ఉంటే అది బిగుతుగా కూర్చుంటుందో లేదో వేలితో నొక్కి చూడండి, ముందుగా నీళ్లు దూరేది అక్కడే. మూత మరల దగ్గర నల్ల రబ్బరు రింగు పగలకుండా ఉండాలి. 18650 సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని ఉంటే కొనకండి. ఆ పరిమాణంలో పేరున్న కంపెనీలవి 3,500 దగ్గర ఆగుతాయి. లిథియం సెల్లు మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఎవరి పేరున ఉందో కొట్టు ముందు నిలబడే తెలుసుకోవచ్చు. ఇంట్లో రెండు టార్చిలు కొంటే రెండూ ఒకే రకం సెల్లుతో నడిచేవి కొనండి. ఒకటి పాడైతే దాని సెల్లులు రెండోదానికి పనికొస్తాయి.