కంప్యూటరు జాలము: దాని మూలసూత్రములు

బరంపురమున నివసించు ఒక తెలుగు గృహస్థు హోసూరునందలి తన మేనల్లునకు చేతిఫోనులో 'క్షేమము' అను ఒక్క మాటను వ్రాసి పంపినాడనుకొందము. నడుమ సుమారు వేయి కిలోమీటర్ల దూరము కలదు. అయినను రెప్పపాటున ఆ మాట హోసూరు చేరును. ఈ వేగము మనకు అలవాటైపోయినందున ఇందలి విచిత్రమును గూర్చి ఆలోచించుట మానితిమి. ఆ మాట ఏ రూపమున బయలుదేరినది? దానికి దారి చూపినదెవరు? నడుమ తప్పిపోయినచో దిక్కెవరు? ఈ ప్రశ్నలకు సమాధానములు తెలిసినచో కంప్యూటరు జాలముయొక్క మూలసూత్రములు చాలవరకు తెలిసినట్లే.

మొదట గ్రహింపవలసినది యేమనగా, జాలముపై అక్షరము ప్రయాణింపదు, సంఖ్య ప్రయాణించును. యంత్రమునకు తెలిసినవి సున్న, ఒకటి అను రెండే గుర్తులు. ఒక్కొక్క గుర్తును బిట్టనియు, ఎనిమిది బిట్ల సముదాయమును బైటనియు వ్యవహరింతురు. రాగితీగెలో విద్యుత్తుయొక్క హెచ్చుతగ్గులుగను, గాజుతీగెలో కాంతి మెరపులుగను, తీగెలేనిచోట రేడియో తరంగములుగను పోవునవి ఈ గుర్తులే. కావున ప్రతి యక్షరమునకును ఒక సంఖ్యను ముందుగా నిర్ణయించుకొనవలెను. యూనికోడ్ అను ప్రపంచవ్యాప్తమైన పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు 'క' 3093, పొల్లు 3149, 'ష' 3127, ఏత్వము 3143, 'మ' 3118, కొమ్ము 3137. 'క్షేమము' అను మాటలో మన కంటికి మూడక్షరములే కనబడినను యంత్రమునకవి ఏడు సంఖ్యలు. వాడుకలోనున్న పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంఖ్యకు మూడు బైట్లు పట్టును గనుక మొత్తము 21 బైట్లు, అనగా 168 బిట్లు. ఇతరులు చదువకుండునట్లు చేయు రహస్యపు కట్టడులు మున్నగునవి విడిచి చెప్పినచో, బరంపురమునుండి బయలుదేరినది ఈ 168 గుర్తుల వరుస మాత్రమే.

పరలిపుల నడుమ పెరుగు మనవారికి ఈ పట్టికలో ఒక చిన్న వేడుక కలదు. అందు తెలుగునకు సరిగా ముందు తమిళమును, సరిగా వెనుక కన్నడమును నెలకొనియున్నవి. తెలుగు 'క' సంఖ్యకు 128 కలిపినచో కన్నడ 'క' వచ్చును. 128 తీసివేసినచో తమిళ 'క' వచ్చును. మన దేశపు ప్రమాణమగు ఇస్కీ పట్టికననుసరించి భారతీయ లిపుల నన్నింటిని ఒకే వరుసలో అమర్చుటయే దీనికి కారణము. బళ్ళారిలో కన్నడ బడిలో చదువుచున్న బాలునికొరకు తెలుగు పాఠమును కన్నడ లిపిలోనికి మార్చుట చాలవరకు ఒక్క కూడికతో తీరిపోవును. తమిళమున వర్గాక్షరములు కొరవడినందున అది యంత సులభము గాదు.

ఇక ప్రయాణము. పూర్వము దూరపు టెలిఫోను సంభాషణకు ఈ కొననుండి ఆ కొనవరకు ఒక మార్గమును ప్రత్యేకించి యుంచెడివారు. మాటలాడువారిరువురును మౌనము వహించినను ఆ మార్గము మరియొకరికి దక్కెడిది గాదు. కంప్యూటర్ల సంభాషణమో, ఉండియుండి ఒక్కమారుగా పొంగునది. దానికొరకు మార్గమును అట్లు కట్టివేయుట వృథావ్యయము. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికాయందు పాల్ బారన్, ఇంగ్లండునందు డొనాల్డ్ డేవిస్ వేర్వేరుగా ఒకే యుపాయమును కనిపెట్టిరి: సందేశమును చిన్న ముక్కలుగా ఖండించి, ప్రతి ముక్కపైనను చిరునామా వ్రాసి, అందరి ముక్కలను ఒకే త్రోవలో కలిపి నడపుట. ఆ ముక్కకు ప్యాకెట్టని పేరిడినవాడు డేవిస్. ఈ పద్ధతిపై నిర్మింపబడిన ఆర్పానెట్టులో తొలి సందేశము 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలోని రెండు సంస్థల నడుమ నడచినది. 'లాగిన్' అను ఆంగ్లపదమును పంపబోగా మొదటి రెండక్షరములు చేరుసరికే అవతలి యంత్రము మూలబడినది. ఒక గంట గడచిన పిమ్మట గాని పని సాగలేదు. ఆరంభముననే అపశకునము గదాయని వారు మానుకొనలేదు.

మన యిండ్లయందలి సామాన్యమైన జాలములో ఒక్కొక్క ప్యాకెట్టు 1500 బైట్లకు మించరాదు. 21 బైట్ల 'క్షేమము' ఒక్క ప్యాకెట్టున ఇమిడిపోవును. మూడు లక్షల బైట్ల పెండ్లి ఛాయాచిత్రమునకు రెండువందలకు పైగా ప్యాకెట్లు కావలెను. ప్రతి దానిపైనను పంపినవాని చిరునామా, అందుకొనువాని చిరునామా ఉండును. ముక్కలను తిరిగి కూర్చుటకై వరుసను తెలుపు సంఖ్యయు జతచేయబడును.

దారి చూపునవి రౌటర్లు. రౌటరునకు హోసూరువరకు గల త్రోవ యంతయు తెలియదు. 'ఈ తరగతి చిరునామాలు ఈ దిక్కునకు' అను పట్టిక మాత్రము దానియొద్ద నుండును. అది చూచి ప్యాకెట్టును పక్క రౌటరునకు అందించి దానిని మరచిపోవును. ఒక దారి తెగినచో రౌటర్లు పరస్పరము వార్తలందుకొని పట్టికలను సవరించుకొనును. పట్టికలు తప్పి ప్యాకెట్టు గానుగెద్దువలె తిరుగు ప్రమాదము లేకపోలేదు. అందుకొరకు ప్రతి ప్యాకెట్టుకు ఒక ఆయుస్సంఖ్యను కట్టుదురు. అది తరచుగా 64. ఒక్కొక్క రౌటరును దాటినప్పుడెల్ల ఒకటి తగ్గును. సున్నకు వచ్చినచో దానిని అక్కడనే పారవేయుదురు.

పారవేయుట యను మాటకు పాఠకులు వెరగుపడవలదు. రద్దీ మిక్కుటమైనప్పుడును రౌటరు ప్యాకెట్లను నిస్సంకోచముగ జారవిడుచును. ఈ జాలము ఏ ప్యాకెట్టునకును చేర్పు వాగ్దానము చేయదు! ఇంత నిర్లక్ష్యమైన మార్గముపై నమ్మకమైన వ్యవహారము ఎట్లు నడచునన్న ప్రశ్నయే ఈ శాస్త్రమునకు ప్రాణము. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రకటించిన వ్యాసమున దీనికి మార్గము చూపిరి. వారి సూత్రమిది: నడిమి యంత్రములు అమాయకముగా మోసిన చాలును, తెలివియు బాధ్యతయు రెండు కొనలయందుండవలెను. అందుకొన్న కొన 'ముట్టినది' అని ప్రత్యుత్తరమీయవలెను. నియమిత కాలములో ఆ ప్రత్యుత్తరము రానిచో పంపిన కొన ఆ ముక్కను మరల పంపవలెను. ముందువెనుకలుగా వచ్చిన ముక్కలను వరుసపరచు పనియు అందుకొన్న కొనదే. ఈ ఒడంబడికకు టి.సి.పి. అని పేరు, చిరునామాల ఒడంబడిక ఐ.పి. 1983 జనవరి 1న ఆర్పానెట్టు పూర్తిగా ఈ రెంటికి మారినది. అయితే నోటిమాటను మోయునప్పుడు ఈ మర్యాద పనికిరాదు. తప్పిపోయిన శబ్దము ఆలస్యముగా మరల వచ్చినను అది సంభాషణకు అడ్డే గాన, దానికి సాధారణముగా మరియొక తేలిక ఒడంబడికను వాడుదురు.

చిరునామా విషయము కొంత చెప్పవలెను. తొలి పద్ధతిలో ఐ.పి. చిరునామా 32 బిట్లది. అనగా సుమారు 429 కోట్ల చిరునామాలు. ఇది తరగని గనియని తలచిరి గాని 2011 ఫిబ్రవరిలో ప్రపంచ భాండారమున పంచుటకు మిగిలినవి అయిపోయినవి. అందుచేత ఒక యింటిలోని యంత్రములన్నియు ఒకే బహిరంగ చిరునామాతో కాలము గడుపుట సామాన్యమైనది. 128 బిట్ల క్రొత్త పద్ధతి క్రమముగా వ్యాపించుచున్నది. సంఖ్యలను మనుష్యులు జ్ఞాపకముంచుకొనలేరు గనుక పేర్లను సంఖ్యలుగా మార్చు డి.ఎన్.ఎస్. అను నామకోశమును 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించెను. తెలుగు లిపిలోనే '.భారత్' అను తుదిమాటతో పేరు పొందు వీలు నేడు కలదు. లోపల మాత్రము అది ఆంగ్లాక్షరముల మారువేషముననే తిరుగును.

గాజుతీగెలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. ఆ లెక్కన బరంపురమునుండి హోసూరునకు సెకనులో రెండువందలవ వంతు చాలును. నిజమునకు సందేశము మొదట ఏ దూరనగరములోనో గల సర్వరునకు పోయి అచ్చటినుండి హోసూరునకు తిరుగును. యానాము పుదుచ్చేరి పాలనలోనిదా, సిరోంచ మహారాష్ట్రములోనిదా యన్న విచారణ ప్యాకెట్టునకు లేదు. తీగె ఎటు పోయిన దాని దారి అటే.

కొనలయందే బాధ్యత యుండవలెనను సూత్రము మన భాషకు మరియొక విధముగా తగులుచున్నది. యూనికోడ్ వ్యాపింపకముందు తెలుగు ఫాంట్లు చేసినవారు ఎవరికి తోచిన సంఖ్యలను వారు అక్షరములకిచ్చిరి. అట్టి ఫాంటుతో కూర్చిన వ్యాసమును పంపినచో జాలము ఒక్క బిట్టు తప్పక మోసికొనిపోవును. కాని అవతల ఆ ఫాంటు లేనిచో ఆంగ్లాక్షరములును విరామచిహ్నములును కలగాపులగమై కనబడును. ముద్రణకై పేజీలు కూర్చుచోట్ల అట్టి ఫాంట్లు నేటికిని పూర్తిగా మానబడలేదు. ప్రవాసాంధ్ర సంఘములలో గ్రామచరిత్రలు, వంశవృత్తాంతములు, పాటల సేకరణలు ఈ రీతిని కూర్పబడి డిస్కులలో నున్నచో, వాటిని యూనికోడునకు మార్చు సాధనములు కలవు; మార్పునకు ఏ ఫాంటుతో కూర్చిరో తెలిసియుండవలెను. కూర్చినవారు జీవించియుండగనే ఆ ఫాంటు పేరును అడిగి ప్రతిదస్త్రము వెంట వ్రాసియుంచుట, ఫాంటు ప్రతిని కూడ భద్రపరచుట చేయదగిన పని. ముద్రితప్రతి మిగిలియున్నచో దానిని చూచి మరల టైపు చేయవచ్చును. అదియు లేనిచోట ఆ దస్త్రమొక్కటియే ఆధారము.